గాలిలోంచి వచ్చి గాలిలోకే పోతున్న యూరియా

ఎకరం చేను మీద, నేల నుంచి ఆకాశం కొస దాకా నిలబడిన గాలిని తూకం వేస్తే ఎంత ఉంటుందనుకుంటున్నారు? దాదాపు 42 వేల టన్నులు. అందులో నత్రజని ఒక్కటే 31 వేల టన్నుల పైచిలుకు. ఏడాదికి రెండు పంటలకు కలిపి ఎకరాకు 100 కిలోల నత్రజని వేసుకుంటూ పోయినా, మన నెత్తి మీద ఉన్న సరుకు మూడు లక్షల ఏళ్ళకు సరిపోతుంది.

అయినా 2025 వానాకాలంలో తెలంగాణ జిల్లాల్లో రైతులు తెల్లవారకముందే సొసైటీ గోదాముల దగ్గర బారులు తీరారు. నిలబడలేక చెప్పులు, పాసు పుస్తకాలు వరసలో పెట్టి చెట్టు కింద కూర్చున్నారు. అంత కష్టపడి తెచ్చిన బస్తాను మడిలో చల్లితే పైరుకు దక్కేదెంత? వరిలో అయితే నూటికి 30 నుంచి 40 పాళ్ళు. మిగిలినది ఎక్కడికి పోతోంది? కొంత నేలలోనే చిక్కుకుని ఉండిపోతుంది. కొంత నీళ్ళతో పాటు లోపలికి ఇంకిపోతుంది, కాలువల పాలవుతుంది. చాలా భాగం మాత్రం వచ్చిన దారినే, అంటే గాలిలోకే వెళ్ళిపోతుంది. వెళ్ళినది ఊరికే ఉండడం లేదు. గాలి గుణాన్నే మారుస్తోంది. అందుకే ఈ సంగతి రైతు తెలుసుకోవాలి. గాలి రసాయనం పట్నాల్లో చదువుకున్నవాళ్ళ గొడవ అనుకోవడానికి లేదు. అందులో పెద్ద అధ్యాయం పొలంలోనే నడుస్తోంది.

తాళం వేసిన గాదె

మనం పీల్చే గాలిలో నత్రజని 78 శాతం, ఆక్సిజన్ 21 శాతం. మిగిలిన ఒక్క శాతంలో ఎక్కువ భాగం ఆర్గాన్ అనే, ఎవరి జోలికీ పోని వాయువు. కార్బన్ డై ఆక్సైడ్, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్, ఓజోన్ లాంటివన్నీ కలిపినా చిటికెడే. కూరలో ఉప్పు ఎంత? ఆ చిటికెడే రుచిని తేల్చినట్టు, భూమి మీద ఎండా చలీ ఎంత ఉండాలో తేల్చేది ఈ చిటికెడు వాయువులే. నత్రజని, ఆక్సిజన్‌లు భూమి నుంచి పైకి పోయే వేడిని ఆపలేవు. ఈ చిన్నవి ఆపుతాయి.

నత్రజని అంత ఉన్నా పైరుకు ఎందుకు అందదంటే, గాలిలో అది ఒంటరిగా ఉండదు. రెండేసి పరమాణువులు మూడు బంధాలతో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడిపించడం పైరు వల్ల కాదు. మెరుపు మెరిసినప్పుడు ఆ వేడికి కొంత విడిపోయి, ఆక్సిజన్‌తో కలిసి వానతో నేలకు దిగుతుంది. ఉరుముల వాన పడితే చేను పచ్చబడుతుందని పెద్దలు అనే మాటలో కొంత నిజం ఉన్నట్టే. కాకపోతే అలా దక్కేది ఎకరాకు ఒకటి రెండు కిలోలను మించదు. అసలు పని చేసేవి సూక్ష్మజీవులు. పెసర, మినుము, కంది, వేరుశనగ వేళ్ళ బుడిపెల్లో ఉండే రైజోబియం, వరి మడిలో తేలే నీలి ఆకుపచ్చ నాచు, అజొల్లా ఆకుల్లో కాపురముండే నాచు ఆ తాళం తీయగలవు. జీలుగ, జనుము, పిల్లిపెసర దున్నితే నేల బాగుపడడం వెనక ఉన్న రహస్యం ఇదే. వేల ఏళ్ళుగా ప్రపంచంలో వ్యవసాయమంతా ఈ జీవులు తీసి ఇచ్చిన దాని మీదే బతికింది.

ఆ తాళానికి మనిషి మారుతాళం చేసింది 1909లో. జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ అనే రసాయన శాస్త్రవేత్త గాలిలోని నత్రజనిని హైడ్రోజన్‌తో కలిపి, విపరీతమైన ఒత్తిడిలో, వేడిలో, ఇనుము లాంటి లోహం తోడుగా అమ్మోనియా తీయవచ్చని చూపించాడు. కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు. 1913లో ఓపా అనే ఊళ్ళో మొదటి కర్మాగారం నడిచింది. ఇద్దరికీ నోబెల్ బహుమతులు వచ్చాయి, హేబర్‌కు 1918 సంవత్సరానికి, బాష్‌కు 1931లో. ఈ హేబరే 1915లో యుద్ధరంగంలో శత్రువుల మీదికి క్లోరిన్ విషవాయువు వదిలించిన మనిషి కూడా. తిండి పెట్టిన చెయ్యి, ఊపిరి తీసిన చెయ్యి ఒకటే. ఈనాడు ప్రపంచంలో దాదాపు సగం మంది తినే తిండి ఈ పద్ధతి మీద ఆధారపడి ఉందని శాస్త్రవేత్తల అంచనా. కాబట్టి యూరియాను తిట్టి ప్రయోజనం లేదు. అది లేకపోతే మన గాదెలు నిండవు.

ఫ్యాక్టరీలో నత్రజని గాలిలోంచి ఉచితంగానే దొరుకుతుంది. ఖర్చంతా హైడ్రోజన్‌కు. దాన్ని సహజవాయువు నుంచో, బొగ్గు నుంచో తీయాలి. 1980లో మొదలైన పాత రామగుండం ఎరువుల కర్మాగారం బొగ్గుతో నడిచేది. 1999లో మూతపడింది. అదే చోట 12 లక్షల 70 వేల టన్నుల సామర్థ్యంతో 2021లో మొదలైన కొత్త కర్మాగారం గ్యాసుతో నడుస్తోంది. ఏ దారిన తీసినా వెంట కార్బన్ డై ఆక్సైడ్ పుడుతుంది. అందులో కొంత భాగాన్ని అమ్మోనియాతో కలిపితే తయారయ్యేదే యూరియా. 45 కిలోల బస్తాలో అలా బంధించిన కార్బన్ డై ఆక్సైడ్ 33 కిలోలు ఉంటుంది. యూరియా పొలంలో కరిగి విడిపోగానే ఆ 33 కిలోలకూ బంధం తెగుతుంది. బస్తాలో మిగిలే అసలు సరుకు, అంటే నత్రజని, 20 కిలోల 700 గ్రాములు.

మధ్యాహ్నం మడిలో జరిగే దొంగతనం

ఆ 20 కిలోల 700 గ్రాముల సంగతి చూద్దాం. యూరియాను పైరు ఉన్నదున్నట్టుగా పెద్దగా తీసుకోదు. నేలలో యూరియేజ్ అనే ఎంజైము దాన్ని రెండు నుంచి నాలుగు రోజుల్లో విడగొట్టి అమ్మోనియంగా మారుస్తుంది. అమ్మోనియం మట్టికి అంటుకుని ఉంటే పైరుకు దక్కినట్టే. చిక్కల్లా, మడిలో నిలిచిన నీళ్ళలో యూరియా చల్లినప్పుడు వస్తుంది.

నీళ్ళు నిలిచిన మడిలో నాచు ఉంటుంది కదా. పొద్దెక్కే కొద్దీ నాచు ఎండ తీసుకుని, నీళ్ళలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను లాగేసుకుంటుంది. నీళ్ళలో పులుపు గుణం పోయి క్షార గుణం పెరుగుతుంది. పొద్దున 7 దగ్గర ఉన్న పిహెచ్ మధ్యాహ్నానికి 9 దాటుతుంది. అలాంటి నీళ్ళలో అమ్మోనియం నిలవలేదు, అమ్మోనియా వాయువుగా మారి పైకి లేస్తుంది. ఎండ, గాలి ఉంటే ఇంకా త్వరగా. రాత్రికి నీళ్ళు మళ్ళీ మామూలవుతాయి, మర్నాడు మళ్ళీ అదే తంతు. చౌడు నేలల్లో నీళ్ళకు సహజంగానే క్షారం ఎక్కువ కాబట్టి నష్టం ఇంకా ఎక్కువ. ఎరువు వేసిన మొదటి వారం పది రోజుల్లోనే పోవలసిందంతా పోతుంది. మెట్టలో ఎండిన నేల మీద యూరియా చల్లి వాన కోసం ఎదురు చూసేవారికీ ఇదే నష్టం. చిన్న చిరుజల్లు పడి యూరియా కరిగి, లోపలికి దిగకముందే ఎండ కాస్తే సగం ఆవిరే.

తప్పించుకుని మట్టిలోకి దిగిన అమ్మోనియంకు ఇంకో గండం ఉంది. గాలి ఆడే పైపొరలో నైట్రోసోమొనాస్, నైట్రోబాక్టర్ లాంటి సూక్ష్మజీవులు దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు మట్టిని పట్టుకుని ఉండదు, నీళ్ళతో జారుతుంది. గాలి అందని కింది పొరకు చేరితే అక్కడ వేరే రకం సూక్ష్మజీవులు కాచుకుని ఉంటాయి. వాటికి ఊపిరికి ఆక్సిజన్ దొరకదు. అందుకని నైట్రేటులోని ఆక్సిజన్‌ను లాక్కుని నత్రజనిని వదిలేస్తాయి. ఆ నత్రజని పైకి పోయి, వచ్చిన గాలిలోనే కలుస్తుంది. అప్పు తెచ్చి కొన్న బస్తా అలా హేబర్ తాళం తీసిన గాదెలోకి తిరిగి చేరుతుంది.

పూర్తిగా నత్రజనిగా మారి పోతే జేబుకు నష్టమే తప్ప గాలికి నష్టం లేదు. కానీ ఆ పని నడిమధ్యలో ఆగిపోయినప్పుడు నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువు బయట పడుతుంది. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

నూరేళ్ళు తిరిగే వాయువు

నైట్రస్ ఆక్సైడ్ విషం కాదు. దవాఖానాల్లో మత్తుకు వాడేది ఇదే, నవ్వించే వాయువు అని కూడా అంటారు. నేల మీద ఎవరితోనూ కలవదు, వానకు కరిగి కిందికి రాదు. ఒకసారి గాలిలోకి చేరితే నూరేళ్ళకు పైగా ఉంటుంది. వేడిని పట్టి ఉంచడంలో అది మహా గట్టిది. కిలో నైట్రస్ ఆక్సైడ్ నూరేళ్ళలో చేసే వేడి 273 కిలోల కార్బన్ డై ఆక్సైడ్‌తో సమానం. ఫ్యాక్టరీలు రాకముందు గాలిలో వంద కోట్ల పాళ్ళకు 270 పాళ్ళు ఉండేది. ఇప్పుడు 335 దాటింది. మనుషుల వల్ల పెరిగిన దాంట్లో ప్రధాన వాటా రసాయన ఎరువులది, పశువుల పెంటది.

మన బస్తా లెక్కకు వద్దాం. మెట్ట పంటలకు వేసిన నత్రజనిలో నూటికి ఒక పాలు ఇలా మారుతుందని ప్రపంచ దేశాలు లెక్కలకు వాడుతున్నాయి. నీళ్ళు నిలిచే వరిలో అంతకంటే తక్కువే. మొక్కజొన్నకో పత్తికో వేసిన ఒక బస్తా నుంచి ఆ లెక్కన 320 గ్రాముల నైట్రస్ ఆక్సైడ్ లేస్తుంది. గుప్పెడంతే అనిపిస్తుంది. 273తో గుణిస్తే దాదాపు 90 కిలోల కార్బన్ డై ఆక్సైడ్. ట్రాక్టరులో 30 లీటర్లకు పైగా డీజిలు కాల్చినప్పుడు వచ్చేంత! దుక్కికి కాల్చిన డీజిలు కంటికి కనపడుతుంది, పొగ వాసన వస్తుంది. ఇది కనపడదు, వాసన ఉండదు. మొక్కజొన్నకు ఎకరాకు నాలుగైదు బస్తాలు గుమ్మరిస్తున్న చోట్ల ఈ లెక్క ఒకసారి వేసి చూసుకోవచ్చు.

ఇది చాలదన్నట్టు పైకి పోయాక ఇంకో పని చేస్తుంది. నేల నుంచి 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తులో ఓజోన్ పొర ఉంది. ఎండలోని అతినీల లోహిత కిరణాలను అది వడగడుతుంది. ఓజోన్ అంటే మూడు ఆక్సిజన్ పరమాణువుల ఉమ్మడి కుటుంబం. నైట్రస్ ఆక్సైడ్ ఆ ఎత్తుకు చేరాక కొంత భాగం నైట్రిక్ ఆక్సైడ్‌గా మారుతుంది. ఇది తగవులమారి లాంటిది. ఒక ఇంట్లో చేరి కుటుంబాన్ని విడగొడుతుంది, తనకేమీ కాకుండా పక్కింటికి పోతుంది. అక్కడ మళ్ళీ అదే పని. ఈ సంగతిని 1970లో బయట పెట్టినవాడు హాలెండు దేశస్థుడు పాల్ క్రుట్జెన్. 1974లో రోలండ్, మొలీనా అనే ఇద్దరు ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాల్లో వాడే క్లోరోఫ్లోరో కార్బన్‌లు కూడా ఇదే తీరున ఓజోన్‌ను తింటాయని చెప్పారు. ముగ్గురికీ 1995లో నోబెల్ వచ్చింది.

ఆ ఫ్రిజ్ వాయువుల కథ నిజానికి మనుషులు గెలిచిన కథ. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పలచబడిందని బ్రిటిష్ శాస్త్రవేత్తలు చూపించారు. రెండేళ్ళకే, 1987లో, మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఒక్కో దేశమే ఆ వాయువులను మానేసింది. పొర మెల్లగా కోలుకుంటోంది. అయితే ఆ ఒప్పందంలో నైట్రస్ ఆక్సైడ్ లేదు. మైసూరు విశ్వవిద్యాలయంలో చదివి అమెరికాలో పనిచేసిన రవిశంకర, మరో ఇద్దరు కలిసి 2009లో లెక్క కట్టి, మనుషులు ఇప్పుడు వదులుతున్న వాటిలో ఓజోన్‌కు అందరికంటే ఎక్కువ చేటు చేస్తున్నది ఇదేనని తేల్చారు. ఫ్రిజ్‌లో గ్యాసు మార్చినంత సులువు కాదు అన్నం మార్చడం. అందుకే దీని మీద ఒప్పందం అంత తేలికగా రాదు.

ఓజోన్ మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. పైన ఉంటే గొడుగు, కింద ఉంటే తెగులు. వరిలో మొలిస్తే జొన్న కూడా కలుపే కదా! వాహనాల పొగలోని నత్రజని ఆక్సైడ్లు, పెట్రోలు ఆవిర్లు ఎండలో కలిసి నేల మట్టాన ఓజోన్ పుట్టిస్తాయి. అది ఆకుల రంధ్రాల్లోంచి లోపలికి పోయి పత్రహరితాన్ని దెబ్బ తీస్తుంది. ఉత్తరాదిలో గోధుమకు దీని వల్ల దిగుబడి నష్టం ఉందని పరిశోధనలు చెబుతున్నాయి. పట్నాల పొగ పట్నంలోనే ఆగదు.

ఇక అమ్మోనియాగా లేచిన భాగం ఎక్కువ కాలం ఉండదు. గంటల్లో, రోజుల్లో కిందికి వస్తుంది. వచ్చేలోగా బొగ్గు పొగలోని గంధక ఆమ్లంతో, వాహనాల పొగలోని నత్రిక ఆమ్లంతో కలిసి సన్నని ధూళి అవుతుంది. ఊపిరితిత్తుల అడుగుకు పోయేంత సన్నం. ఉపగ్రహాల నుంచి చూస్తే ప్రపంచంలో అమ్మోనియా దట్టంగా కనిపించే చోట్లలో గంగా మైదానం ముందు వరసలో ఉంది. ఢిల్లీ పొగమంచులో యూరియా బస్తా వాటా కూడా ఉందన్నమాట.

వరి రైతు మీద పడిన నింద

ఇప్పుడు మీథేన్. దమ్ము చేసిన మడిలో కాలు పెడితే బుడబుడమని బుడగలు వస్తాయి చూడండి, అందులో ఉండేది అదే. గోబర్ గ్యాసు పొయ్యిలో మండేదీ అదే. నీళ్ళు నిలిచిన నేలలో ఆక్సిజన్ కొద్ది రోజుల్లో అయిపోతుంది. తర్వాత సూక్ష్మజీవులు నైట్రేటును, ఇనుమును, గంధకాన్ని వాడుకుంటాయి. అవీ అయిపోయాక మీథేన్ పుట్టించే జీవులకు వంతు వస్తుంది. పుట్టిన దాంట్లో ఎక్కువ భాగం బుడగలుగా రాదు. వరి మొక్క తన వేళ్ళకు గాలి పంపుకోవడానికి కాడలో గొట్టాలు పెట్టుకుంది. ఆ గొట్టాల్లోంచే మీథేన్ పైకి ఎక్కుతుంది. పచ్చి గడ్డి, మాగని పెంట వేసి నీళ్ళు నిలిపితే మీథేన్ ఎక్కువ. బాగా మాగిన ఎరువుకు తక్కువ.

మీథేన్ వేడి నూరేళ్ళ లెక్కన కార్బన్ డై ఆక్సైడ్‌కు 27 రెట్లకు పైన. కానీ ఆయుష్షు పదేళ్ళ చిల్లరే. గాలిలో హైడ్రాక్సిల్ అని ఒకటి ఉంటుంది. ఎండకు పుట్టి, క్షణంలో చచ్చే ముక్క. గాలికి చాకలి అదే. మీథేన్‌ను, కార్బన్ మోనాక్సైడ్‌ను, ఇంకా నానా మురికిని అది విడగొడుతుంది. అది ఉండబట్టే మీథేన్ పోగు పడిపోకుండా ఉంది. అయినా మనం వదిలే వేగానికి చాకలి చాలడం లేదు. పూర్వం వంద కోట్లకు 700 పాళ్ళ దగ్గర ఉన్నది ఇప్పుడు 1,900 దాటింది.

ఇందులో మన వాటా ఎంత అన్న దాని మీద ఒకప్పుడు పెద్ద గొడవే జరిగింది. 1990 ప్రాంతంలో అమెరికా పర్యావరణ సంస్థ, భారత వరి పొలాల నుంచి ఏడాదికి 3 కోట్ల 78 లక్షల టన్నుల మీథేన్ వస్తోందని అంచనా కట్టింది. పాశ్చాత్య దేశాల పొలాల్లో కొలిచిన దాన్ని మన విస్తీర్ణంతో హెచ్చవేసి చెప్పిన లెక్క అది. మన పొలాల్లో ఎవరూ కొలవలేదు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల తరఫున ఎ.పి. మిత్రా నాయకత్వంలో 1991లో దేశంలోని రకరకాల వరి భూముల్లో మడుల మీద పెట్టెలు బోర్లించి, లోపలి గాలిని సిరంజిలతో తీసి కొలిచారు. తేలింది సుమారు 40 లక్షల టన్నులు. తొమ్మిదో వంతు! మన నేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ, వాన మీద ఆధారపడిన మడులు నడుమ నడుమ ఆరుతుంటాయి, అందుకే తక్కువ. ఈనాటి అంచనాల ప్రకారం ప్రపంచంలోని వరి పొలాలన్నీ కలిపినా 3 కోట్ల టన్నుల చుట్టూనే ఉంది. ఒక్క మన దేశానికే అంతకు మించి అంటగట్టారంటే ఆ తప్పు ఎంతటిదో చూడండి.

అదే 1991లో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఇంకో ప్రశ్న వేశారు. కడుపు నింపుకోవడానికి వేసిన వరి నుంచి వచ్చే వాయువును, షికారు కార్ల నుంచి వచ్చే వాయువును ఒకే తక్కెడలో ఎలా తూస్తారు అని. ఆ ప్రశ్నకు ఇప్పటికీ సరైన జవాబు రాలేదు. కొలత తప్పు అని తేలింది కాబట్టి వరికి సంబంధమే లేదని మాత్రం అనుకోరాదు. 40 లక్షల టన్నులు చిన్న లెక్క కాదు. నింద వేరు, నిజం వేరు.

నష్టం మళ్ళీ చేనుకే

కార్బన్ డై ఆక్సైడ్ పెరిగితే మొక్కలకు మేలే కదా, అది వాటి ఆహారమే కదా అని కొందరు అడుగుతారు. హవాయి దీవుల్లో మౌనాలోవా కొండ మీద 1958లో చార్లెస్ కీలింగ్ కొలత మొదలు పెట్టినప్పుడు పది లక్షలకు 315 పాళ్ళు ఉంది. ఇప్పుడు 420 దాటింది. వరి, పత్తి, వేరుశనగ లాంటివి దానితో కొంత ఏపుగా పెరిగే మాట నిజమే. జొన్న, మొక్కజొన్నలకు ఆ లాభం అంతగా ఉండదు. కానీ అలా పెరిగిన గింజలో మాంసకృత్తులు, జింకు, ఇనుము తగ్గుతున్నట్టు పరీక్షల్లో తేలింది. పైగా వేడి వచ్చి ఆ లాభాన్ని మింగేస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన పొలాల్లో పాతికేళ్ళ లెక్కలు తీసి 2004లో ఒక మాట చెప్పింది. ఎండకాలపు పంటలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం దాకా పడిపోయింది. పగటి వేడి కాదు, రాత్రి వేడి. పగలు సంపాదించిన దాన్ని రాత్రి వేడికి పైరు ఊపిరి కోసం ఖర్చు పెట్టేస్తుంది. యాసంగిలో, దాళ్వాలో పొట్ట దశలో రాత్రి ఉక్కగా ఉంటే తాలు ఎక్కువ రావడం మన రైతులకు తెలియంది కాదు.

బస్తాను చేనులోనే నిలపాలంటే

వేప పూత ఉంది కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేప నూనె పూత 2015లో తప్పనిసరి చేశారు. వేపలోని చేదు పదార్థాలు అమ్మోనియంను నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులను మందగింపజేస్తాయి. దాంతో నైట్రేటు నష్టం, నైట్రస్ ఆక్సైడ్ తగ్గుతాయి. మంచిదే. కానీ నిలవ నీళ్ళలోంచి మధ్యాహ్నం లేచిపోయే అమ్మోనియాను అది ఆపలేదు. ఆ పని రైతు చేతిలోనే ఉంది.

వరికి పై పాటుగా యూరియా వేసేటప్పుడు మడిలో నీళ్ళు తీసేసి బురద పదునులో చల్లాలి. 36 నుంచి 48 గంటలు ఆగి పలచగా నీళ్ళు పెట్టాలి. ఈలోగా ఎరువు మట్టిని పట్టుకుంటుంది. వీలున్నవారు 50 కిలోల యూరియాకు 250 కిలోల తేమ మట్టి కలిపి రెండు రోజులు నిలవ ఉంచి చల్లుకోవచ్చు. మోతాదునంతా ఒకేసారి గుమ్మరించకుండా దమ్ములో, పిలకలు వేసేటప్పుడు, అంకురం దశలో మూడు దఫాలుగా వెయ్యాలి. బంగ్లాదేశ్ రైతులు యూరియాను గోలీల్లా చేసి నాలుగు దుబ్బుల నడుమ లోతుగా గుచ్చుతారు. అమ్మోనియా లేవడానికి దారే ఉండదు. కూలి గిట్టే చోట అది అన్నిటికంటే మేలు, మన దగ్గర కూలి రేట్లకు ఎంతవరకు సాగుతుందన్నది అనుమానమే. మెట్ట పైర్లలో మొక్క పక్కన గుంట తీసి వేసి మట్టి కప్పడానికి మాత్రం పెద్ద ఖర్చు లేదు.

పక్క చేను పచ్చగా ఉందని మనమూ ఇంకో అర బస్తా వేయడం ఒక జబ్బు. ఆకు రంగు పట్టిక దగ్గర పెట్టుకుంటే ఆ జబ్బు కుదురుతుంది. పొద్దున పూట, మీ నీడ పడేలా నిలబడి, పూర్తిగా విచ్చిన లేత ఆకును పట్టీ మీద పెట్టి చూడాలి. పది ఆకుల్లో ఆరు నాలుగో గడి కంటే లేతగా ఉంటేనే యూరియా వెయ్యాలి. ముదురుగా ఉన్నా వేశారంటే దోమకు, అగ్గి తెగులుకు పిలిచి విందు పెట్టినట్టే.

యూరియా అతిగా వాడకం రైతు తప్పు మాత్రమే అంటే నేను ఒప్పుకోను. 45 కిలోల యూరియా 266 రూపాయల 50 పైసలు, 50 కిలోల డి.ఎ.పి. 1,350 రూపాయలు. ఇలా ధరలు పెట్టి, సమతుల ఎరువులు వాడండని గోడల మీద రాస్తే ఎవరు వింటారు?

మీథేన్‌కు మందు నీళ్ళలోనే ఉంది. ఆరుతడి పద్ధతిలో నాటిన రెండు వారాల తర్వాత మడిని ఆరబెడుతూ, తడుపుతూ పోవాలి. అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టానికి చిల్లులు చేసి సగం నేలలోకి దించితే, లోపల నీటి మట్టం కనపడుతుంది. నేల కింద 15 సెంటీమీటర్లకు దిగినప్పుడు మళ్ళీ తడి పెడితే చాలు. పూత దశలో మాత్రం నీళ్ళు తగ్గకూడదు. ఇలా చేస్తే మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది, బోరు కింద సాగుచేసేవారికి కరెంటు, నీళ్ళు మిగులుతాయి. ఒక మెలిక ఉంది. ఆరడం, తడవడం పెరిగే కొద్దీ నైట్రస్ ఆక్సైడ్ పెరుగుతుంది. యూరియా చల్లిన వెంటనే మడిని నెర్రెలిచ్చేలా ఆరబెట్టి మళ్ళీ నీళ్ళు కడితే మీథేన్‌లో సంపాదించిన దాన్ని అక్కడ పోగొట్టుకుంటాం. ఎరువు మోతాదులో ఉంటే మొత్తం మీద ఆరుతడికే లాభం.

కోత మిషన్ పోయాక కొయ్యకాళ్ళకు నిప్పు పెట్టేవారు ఒక లెక్క చూసుకోవాలి. టన్ను వరి గడ్డిలో 5 కిలోలకు పైగా నత్రజని, పాతిక కిలోల దాకా పొటాష్, కొంత గంధకం ఉంటాయి. పొటాష్ చాలావరకు బూడిదలో మిగులుతుంది, గాలి వీస్తే అదీ పోతుంది. నత్రజని, గంధకం పొగతోనే పోతాయి. మడిలో నీళ్ళు పెట్టి గడ్డిని దున్ని, నాట్లకు రెండు మూడు వారాల ముందే మాగనిస్తే పొగా ఉండదు, నాటిన తర్వాత మీథేనూ తగ్గుతుంది. నాట్ల ముందు రోజు పచ్చిగడ్డి దున్నితే మాత్రం మడి గోబర్ గ్యాసు తొట్టే.

ఈ మధ్య ఆరుతడి వరికి కార్బన్ క్రెడిట్ డబ్బులు ఇస్తామంటూ కంపెనీల మనుషులు ఊళ్ళకు వస్తున్నారు. మీథేన్ తగ్గిస్తే ఆ తగ్గింపును వేరే దేశంలోని ఫ్యాక్టరీకి అమ్ముకోవడం ఇందులోని కిటుకు. చేరడంలో తప్పు లేదు. సంతకం పెట్టేముందు ఒప్పందం తెలుగులో ఇమ్మనండి. ఎన్నేళ్ళకో, ఎకరాకు ఎంతో, డబ్బు ఎప్పుడు చేతికి వస్తుందో, మీ మడిలో వాయువును నిజంగా కొలుస్తారో, లేక 1990లోలాగా ఎక్కడో కొలిచిన దాన్ని హెచ్చవేస్తారో అడగండి. కౌలు రైతు సాగు చేస్తున్న చోట డబ్బు ఎవరికి చెందుతుందన్నది కూడా ఒప్పందంలో రాయించుకోవాలి.